పిడి ఎరిగిన చెయ్యి

సర్జాపుర దాటి అత్తిబెలెకి పోయే రోడ్డు పక్కన ఒక గులాబీ నర్సరీ ఉంది. పొద్దున పూట ఆ దారిన పోతే మీకు ముందుగా వినబడేది మడత చాకుల చప్పుడే. పచ్చ వల పందిరి కింద ఆడవాళ్ళు గోనె పట్టాల మీద వరసగా కూర్చుంటారు. బొడ్లో చెక్కుకున్న చాకు తీస్తారు. బొటనవేలి గోరుతో అలుగు పైకి లాగుతారు. టక్కు, టక్కు, టక్కుమని వరస పొడుగునా చాకులు తెరుచుకుంటాయి, ఆ తర్వాత మాటలు మొదలవుతాయి.

పని చెప్పడానికి నాలుగు ముక్కలే. అడవి గులాబీ కాండం మీద చిన్న గాటు పెట్టి, బెరడు లేపి, అందులోకి మంచి గులాబీ కొమ్మ మీంచి కోసిన కన్ను, అంటే మొలకెత్తే కణుపు, ఒకటి దూర్చి, ప్లాస్టిక్ టేపు చుట్టాలి. కన్ను పచ్చగా నిలిస్తే అంటు పట్టినట్టు, నల్లబడితే పోయినట్టు. ఎడమ చెయ్యి కాండాన్ని పట్టుకోవడానికి, కుడి చెయ్యి చాకుకి. ఎడమ చెయ్యి చాకు ముట్టిందా, ఆ కన్ను చచ్చినట్టే. కొత్తగా పనికి వచ్చిన ప్రతి పిల్లకీ గంగమ్మ చెప్పే మొదటి పాఠం ఇది. ప్రాణమున్న దాన్ని కడిగే చేత్తో కడతామా అంటుంది.

వంచిన మెడ ఎత్తకుండా సాయంత్రం దాకా ఈ పని చేసి చూస్తే తెలుస్తుంది, చాకుకి అలుగు కంటే పిడి ముఖ్యమని. పదును పోతే రాయి మీద నూరుకోవచ్చు. పిడి కుదరకపోతే ఎవరి చేతిని ఏ రాయి మీద నూరుకోవాలి? పిడి సన్నమైతే బిగబట్టి బిగబట్టి వేళ్ళు కొంకర్లు పోతాయి. లావైతే చిటికెన వేలు అందదు. మరీ నున్నగా ఉంటే తడి చేతిలో జారి ఎవరి తొడలోనో దిగుతుంది. అంచులు సరిగ్గా మొద్దు చెయ్యలేదనుకోండి, మధ్యాహ్నానికి అరిచేతిలో బొబ్బ తయారు.

అందుకే వీళ్ళంతా అత్తిబెలె బస్టాండు వెనక పిల్లప్ప దగ్గరే చాకు కొంటారు. ఆయన తుమ్మ చేవతో పిడి చేస్తాడు. కొనేటప్పుడు అన్నీ ఒక్క మాదిరిగానే ఉంటాయి. ఇంటికి తెచ్చి పది పొద్దులు వాడితే పిడి ఆ చేతికి సర్దుకుంటుంది. అరిచెయ్యి గుంటపడిన చోట ఉబ్బుతుంది, ఎముక తేలిన చోట లోపలికి తగ్గుతుంది. గంగమ్మకి చూపుడు వేలు సగమే ఉంది. ఆమె చాకు పిడి ఆ సగం వేలి దగ్గర గింజంత ముందుకు పెరిగి వేలిని అందుకుంది. దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. కొత్త చెప్పు కరిచి కరిచి ఒదగడం లేదా, ఇదీ అంతేలే అంటారు.

అయితే పిల్లప్ప చేసే పిడులకి ఇంకో గుణం ఉంది, దాన్ని గురించి మాత్రం నవ్వుతూ మాట్లాడరు. చాకు చేతులు మారబోతుంటే, మారకముందే పిడి మారిపోతుంది. చిక్కమ్మ చాకు ఒక వానాకాలం ఉన్నట్టుండి సన్నబడింది. నాకేం రోగం, గుండ్రాయి మాదిరి ఉండాను అని చిక్కమ్మ నవ్వేసింది. దసరా నాటికి ఆమె కళ్ళకి పొర కమ్మింది. చాకు కోడలి చేతికి పోయింది, ఆ పిల్ల చేతికి కొలిచి చేసినట్టు సరిపోయింది. అప్పట్నుంచీ పొద్దున చాకు తియ్యగానే అందరూ ఒకసారి పిడిని పిడికిట్లో పెట్టి చూసుకుంటారు. బాగుంటే పనిలో పడతారు.

ఆ పొద్దు చౌడమ్మ చాకు ఆమెని కరిచింది.

బొటనవేలు ఎప్పుడూ పండుకునే చోట గుంట లేదు. గుంటకి బదులు బుడిపె లేచి ఉంది. వేళ్ళ కింద మెత్తగా ఉండాల్సిన పక్క అంచు తేలి ఉంది. చెయ్యి వాచిందేమో అనుకుని విదిలించుకుంది. కొంగుతో పిడి తుడిచి మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ కరిచింది. పక్క పట్టా మీద గంగమ్మ అప్పటికే టేపు చింపుతూ నిన్నటి నీళ్ళ ట్యాంకరు గొడవ చెబుతోంది. చౌడమ్మ ఏమీ జరగనట్టు మొదటి మొక్క మీదికి వంగింది, కానీ ఆ ట్యాంకరు గొడవలో ఒక్క ముక్క ఆమె చెవిన పడలేదు.

భయపడడానికి ఆమెకి కారణం ఉంది. ఉగాది ముందు నుంచీ కుడి చెయ్యి ఆమె మాట వినడం లేదు. పొద్దున లేచేసరికి మూడు వేళ్ళు తిమ్మిరెక్కి పరాయి వేళ్ళలా పడి ఉంటాయి. వేణ్ణీళ్ళలో ముంచి, పిసికి పిసికి ప్రాణం పోస్తుంది. ఒకసారి కాఫీ గ్లాసు జారి పగిలితే తడి చెయ్యిలే అంది. ఇంకోసారి జడ వేస్తూ వేస్తూ ఆగిపోతే, పెద్దదానివి నువ్వే వేసుకో అని కూతురి మీద కసిరింది. కసిరినందుకు తర్వాత బాధపడింది, ఆ సంగతి కూడా బయటికి చెప్పలేదు.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కదిరి దగ్గరి పల్లె నుంచి మొగుడి వెంట ఈ ఊరొచ్చింది. కూతురు ప్రియాంక బడికి పోయే వయసులో ఆయన సెంట్రింగు మీంచి పడి పోయినాడు. అప్పట్నుంచీ తల్లీ కూతుళ్ళకి నీడ ఈ నర్సరీ రేకుల గదే. ఆ గదులకి ఒక కట్టుబాటు ఉంది. ఇంట్లో అంటు కట్టే చెయ్యి ఒకటి ఉండాలి. ఒక చెయ్యి పడిపోతే ఆ ఇంటినుంచి ఇంకో చెయ్యి రావాలి, లేదా గది వదలాలి. చౌడమ్మ ఇంట్లో ఉన్న ఇంకో చెయ్యి ప్రియాంకదే.

ప్రియాంక ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు ఆఖరి ఏడాదిలో ఉంది. నెత్తురు తియ్యడం నేర్చుకుంటోంది. దొరకని నరాన్ని కూడా వేలితో తడిమి పట్టేస్తుందని కాలేజీలో పేరు. వచ్చే నెల నుంచి బెళ్ళందూరులో ఒక ఆస్పత్రి ల్యాబులో ట్రైనింగు. అది పూర్తి చేస్తేనే సర్టిఫికెట్టు చేతికొస్తుంది. పొద్దున్నే బస్సుకి పరిగెత్తే పిల్లకి చౌడమ్మ గేటు దాకా వచ్చి టిఫిన్ డబ్బా అందిస్తుంది. ఆ పిల్ల కుడి చేత్తో ఫోను పట్టుకుని ఎడమ చెయ్యి చాచిందంటే చాలు, డబ్బా వెనక్కి పోతుంది. "ఎడం చేత్తో అన్నం తీసుకుంటారా మే? కుడిచెయ్యి యాడ పెట్టినావు?" అంటుంది చౌడమ్మ. బస్సు హారను కొడుతున్నా సరే, ఫోను చెయ్యి మారాల్సిందే.

ఆ చేతుల్నే ఒకసారి నర్సరీ యజమానురాలు వరూధిని మేడం చూసింది. ఆయుధపూజ నాడు ప్రియాంక పూలు గుచ్చుతుంటే నిలబడి చూసి, అంటు కట్టడానికే పుట్టినట్టున్నాయి ఈ అమ్మాయి వేళ్ళు అంది. మెచ్చుకోలుగానే అంది. చౌడమ్మ మాత్రం పూలబుట్ట లాక్కుని పిల్లని గదికి పంపేసింది.

ఇప్పుడు పిడి మారింది. ఎవరి చేతికి మారింది?

నా బిడ్డ చేతికి కాకపోతే చాలు, ఎవరికైనా పోనీ అనుకుంది. వెతకడం మొదలుపెట్టింది. మధ్యాహ్నం అన్నాలప్పుడు గంగమ్మకి చాకు ఇచ్చి, పచ్చిమిరపకాయ చీల్చి పెట్టమంది. సగం వేలు గాల్లో ఊగింది, గంగమ్మది కాదు. నీళ్ళు పట్టే సుంకన్న పైపుకి చిల్లుపడితే, ఇంద ఇది తీసుకోప్పా అని తనే ఎదురుపోయి ఇచ్చింది. ఏనాడూ ఎవర్నీ తన చాకు ముట్టనివ్వని మనిషి. సుంకన్న అనుమానంగా చూసి, పట్టుకుని, ముల్లు గుచ్చుకున్నట్టు వెంటనే తిరిగిచ్చేసినాడు. చిక్కమ్మ కోడలు, టీ తెచ్చే మార్త, అందరి చేతులూ అయినాయి. ఆఖరికి వరూధిని మేడం కొరియరు పెట్టె విప్పుకుంటుంటే గోళ్ళు విరుగుతాయి మేడం అని అక్కడికీ పోయింది. "ఇదెలా పట్టుకుంటారమ్మా, బొటనవేలు ఎక్కడ పెట్టాలి?" అంది మేడం. చౌడమ్మ తిరిగొచ్చి పట్టా మీద కూలబడింది. నర్సరీలో ఇంక చేతుల్లేవు.

ఇంట్లో ఉన్న చేతికి మాత్రం ఆమె చాకు ఇవ్వలేదు. ఇస్తే సరిపోతుందేమో. సరిపోయిందని కళ్ళతో చూసినాక ఇంక చెయ్యగలిగింది ఏముంటుంది? సాయంత్రం గదికి రాగానే చాకు బియ్యం డబ్బాలో అడుక్కి తోసి, పైన శేరు బియ్యం పోసేది. ఒకరోజు ప్రియాంక అన్నం వండబోతే డబ్బా మీద పడినంత పని చేసి, చదువుకో పో అని తరిమింది. ఆ పిల్ల బిత్తరపోయింది.

తర్వాత ఆమె చేసిన పని వినండి. పంక్చరు షాపులో పాత సైకిలు ట్యూబు ముక్క అడిగి తెచ్చుకుని పిడికి బిర్రుగా చుట్టేసింది. పైకి ఏమీ కనబడదు, బుడిపె గుచ్చుకోదు అనుకుంది. బుడిపె గుచ్చుకోలేదు గానీ పిడి రోకలిబండంత అయింది. అసలే తిమ్మిరి చెయ్యి, దానికి రబ్బరు చెమట. అలుగు ఎటు పోతోందో వేళ్ళకి తెలియడం మానేసింది. బెరడు లేపాల్సిన చోట కాండం తెగింది. కన్ను కోస్తే గీరుకుపోయింది. అరిచేతిలో బొబ్బ లేచి పగిలింది. పసుపు అద్ది గుడ్డ కట్టుకుని, కూరగాయలు తరుగుతుంటే తెగిందని చెప్పింది. ఈమధ్య చౌడక్క నోట్లోంచి అబద్ధం గుటక పడినంత సులువుగా వస్తోందని గంగమ్మ అనుకుంది గానీ పైకి అనలేదు.

ఆదివారం నాడు అత్తిబెలెకి పోయింది. పిల్లప్పకి చూపు చాలా తగ్గింది. ముక్కాలి పీట మీద కూర్చుని వేళ్ళతోనే ఆకురాయి పడుతున్నాడు. చౌడమ్మ ట్యూబు విప్పి చాకు ఆయన ఒళ్ళో పెట్టి, ఈ బుడిపె అరగదీసి పాత మాదిరి చేసిపెట్టప్పా అంది. ఆయన పిడిని తడిమినాడు. చెంపకి ఆనించుకున్నాడు. కుడి చేతిలో పెట్టుకుని బిగించి, ఊహూ అన్నాడు. కొత్త చాకు ఇస్తే తీసుకుంటానంది. కొత్తదైనా ఈ రూపానికే వస్తాదమ్మా, చెయ్యి అడిగేది పిడి ఇస్తాది అన్నాడు.

"ఎవరి చెయ్యప్పా అడిగేది?"

పిల్లప్ప ఇంకోసారి తడిమినాడు.

"బయటి చెయ్యి కాదు తల్లీ. నీ ఇంటి చెయ్యే."

ఆమె చాకు తీసుకుని బస్సెక్కింది. సీటు దొరికినా కూర్చోలేదు. కిటికీ బయట కొత్త అపార్ట్‌మెంట్ల బోర్డులన్నీ నీళ్ళల్లో ఈదుతున్నట్టు కనబడితే, అప్పుడు తెలిసింది ఆమెకి తను ఏడుస్తోందని.

అంటు కట్టిన కళ్ళు నల్లబడిన సంగతి మేడం కంట పడకుండా ఎన్నాళ్ళు దాగుతుంది? చౌడమ్మ కట్టిన వరసలో టేపు విప్పితే మూడొంతులు మాడిపోయి ఉన్నాయి. బెళ్ళందూరు అపార్ట్‌మెంట్లవాళ్ళకి వర్షాకాలానికి మొక్కలు ఇస్తామని మేడం మాటిచ్చేసి ఉంది. అయినా తిట్టలేదు. పక్కన గోనె మీదే కూర్చుని మెల్లగా చెప్పింది. "చౌడమ్మా, మీ చెయ్యి బాగాలేదని నాకు అర్థమవుతోంది. మిమ్మల్ని పొమ్మనను. ఈ ఒక్క సీజను ప్రియాంకని తోడు తెచ్చుకోండి. చదువు వచ్చే ఏడు పూర్తి చేసుకోవచ్చు కదా."

ఒక్క సీజను. గంగమ్మ కూతురు కూడా ఒక్క సీజనుకే వచ్చింది. ఇప్పుడు ఆ పిల్ల మూడో పట్టా మీద కూర్చుని ఉంది, ఒళ్ళో బిడ్డని పెట్టుకుని. చౌడమ్మ సరే మేడం అంది. ఇంకేమంటుంది? అని, ఇంటికి పోయి కూతురికి ఆ మాట చెప్పలేదు. రేపు చెబుతా, రేపు చెబుతా అని గడిపింది. అన్నం సయించలేదు. నిద్ర పట్టలేదు. చాకు బియ్యంలోంచి తీసి బయట పారేద్దామని చెరువు దాకా పోయి, విసరబోయిన చేతిని దించుకుని తిరిగొచ్చింది. విసిరేస్తే మాత్రం గది నిలుస్తుందా?

ఆమె చెప్పకపోయినా చెప్పేవాళ్ళకి కొదవా? గంగమ్మ ప్రియాంకని నీళ్ళ కొళాయి దగ్గర పట్టుకుని అంతా చెప్పేసింది, నల్లబడిన వరస, ట్యూబు చుట్టిన పిడి, మేడం అడిగిన మాట. మర్నాడు ప్రియాంక కాలేజీకి పోలేదు. పందిరి కిందికి వచ్చి అమ్మ పక్కన గోనె పట్టా పరుచుకుని కూర్చుంది.

"నువ్వేంది ఈడ? బస్సు పోయింటాదే!" అంది చౌడమ్మ.

"పోనీ మా. చాకు ఇట్లియ్యి, నాకు నేర్పు. ఒక ఏడు ఆగితే నా చదువేం పారిపోదు."

చౌడమ్మ లేచి నిలబడబోయింది. అప్పుడే వేళ్ళు పూర్తిగా చచ్చుబడి, చాకు జారి మట్టిలో పడింది. దాన్ని తియ్యడానికి వంగింది గానీ వేళ్ళు ముడుచుకోలేదు. వరస పొడుగునా చాకులు ఆగిపోయినాయి. ప్రియాంక వంగి చాకు తీసుకుంది. వద్దు మే, వద్దు అంటూనే ఉంది తల్లి, ఆ పిల్ల ట్యూబు చుట్లన్నీ విప్పేసి, పిడిని కుడి చేతిలో పెట్టి బిగించింది.

చౌడమ్మ కళ్ళు మూసుకుంది.

"నాది కాదు మా," అంది ప్రియాంక.

కాదా? ఆ మాటకి ముందు సంతోషం, వెంటనే మళ్ళీ భయం. కూతురిది కూడా కాకపోతే ఇంకెవరిది? ప్రియాంక ఇంకా చాకు వదల్లేదు. మనుషుల చేతుల్ని అటు తిప్పి ఇటు తిప్పి నరం వెతకడం ఆ పిల్లకి అలవాటు. పిడినీ అట్లాగే తిప్పి తిప్పి వేలితో తడిమింది. "గుంట లేదు లేదంటాండారు కదా అందరూ. గుంట ఉండాది మా. అవతలి పక్కనుండాది." చాకుని ఎడమ చేతిలోకి మార్చుకుంది. ఆ పిల్ల చేతికి పిడి కొంచెం పెద్దదే గానీ, బొటనవేలు గుంటలోకి తిన్నగా పోయి కూర్చుంది. "ఇది ఎడం చేతి పిడి."

గంగమ్మ ముక్కున వేలేసుకుంది. ఇన్ని చేతులు పట్టి చూసినాయి, చేసినాయన కూడా పట్టి చూసినాడు, ఒక్కరికి తట్టలేదు. తట్టదు మరి. చాకుకి ఎడమ చెయ్యి కూడా ఒక చెయ్యేనని ఎవరనుకున్నారు?

ప్రియాంక తల్లి ఎడమ చెయ్యి పట్టుకుని గుప్పిట విప్పబోయింది. చౌడమ్మ లాక్కుంది. "థూ, అది కడుక్కునే చెయ్యి!" అంది. ఆ పిల్ల వినలేదు. వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, పిడి పెట్టి, మళ్ళీ మూసింది. చిటికెన వేలి దాకా అన్నీ వాటి వాటి చోట్లకి పోయినాయి. ఎక్కడా గుచ్చుకోలేదు, ఎక్కడా ఖాళీ లేదు. పాత చెప్పులో కాలు దూరినట్టుంది చౌడమ్మకి. అరిచేతిలోంచి ఏదో వెచ్చగా మోచేతి దాకా పాకింది.

ఆమె ఎడమ మణికట్టు మీద సన్నటి గీతలాంటి మచ్చ ఒకటుంది. చిన్నప్పుడు దూడ పలుపు తాడు ఒరుసుకుందని ఎవరడిగినా చెబుతుంది, కూతురికీ అదే చెప్పింది. ఇప్పుడు ఆ మచ్చని చూసుకుంటూ గోనె మీద కూర్చుండిపోయింది.

"దూడ లేదు, గీడ లేదు," అంది చివరికి. "పలుపు నాకే కట్టినారు. నేను పుర్రచెయ్యి దాన్ని. అన్నం దాంతోనే తినేదాన్ని, ముగ్గు దాంతోనే వేసేదాన్ని. ఆడపిల్ల ఎడం చేత్తో వడ్డిస్తే ఎవరు చేసుకుంటారని మా యమ్మ దూడ పలుపుతో నడుముకి కట్టేసేది. కుడిచెయ్యి అలవాటయ్యేదాకా విప్పలేదు. నేనే మర్చిపోయినా."

గంగమ్మ సగం వేలితో కళ్ళు తుడుచుకుంది. తుడుచుకుని కూడా తన మాట మాత్రం వదల్లేదు. ఎడం చేత్తో కట్టిన కన్ను పట్టదు అక్కా, నీ మంచికే చెబుతాండా అంది.

వరూధిని మేడం దగ్గరికి ప్రియాంకే పోయి, అమ్మని ఎడమ చేత్తో కట్టి చూడనివ్వమని అడిగింది. మేడం వెనకాల నీళ్ళ తొట్టి పక్కన ఒక వరస ఇస్తానంది. అక్కడ అంటు పడితే చౌడమ్మ చెయ్యే లెక్క. నల్లబడితే ట్రైనింగు మానేసి ప్రియాంక పనిలోకి రావాలి. వరస మంచిచెడ్డలు తేలే నాటికి ట్రైనింగు మొదలయ్యే నాడు కూడా వచ్చేస్తుంది. ఇంతకంటే నేనేం చెయ్యలేనమ్మా అంది, ఆ మాటా నిజమే.

ముందు చాకు మళ్ళీ పిల్లప్ప దగ్గరికి పోయింది. అంటు చాకు అలుగుని ఒక పక్కే నూరుతారు, కుడిచేతి వాటానికి. ఆ పదునుతో ఎడమ చేత్తో కోస్తే అలుగు లోపలికి తన్నుకుపోతుంది. పిల్లప్ప సంగతి విని చేతిలో ఆకురాయి పక్కన పెట్టేసినాడు. "ఇంతకాలం చేసి నేను కూడా కుడిచెయ్యే చూసినా చూడు," అని తనని తనే తిట్టుకున్నాడు. అవతలి పక్క పదును పెట్టి ఇచ్చినాడు. పిడి మీద మాత్రం ఆకురాయి ఆనించలేదు.

తొట్టి పక్కన చౌడమ్మ ఒంటరిగా కూర్చుని కట్టింది. మొదటి మొక్కలకి అయ్యో కడిగే చెయ్యి అని మనసు పీకింది. కన్ను దూర్చబోయే ముందు ప్రతిసారీ చౌడేశ్వరమ్మకి దండం పెట్టుకుంది, తప్పయితే నా మీద పెట్టు, మొక్క మీద పెట్టొద్దు అని. పిడి మాత్రం ఏ అనుమానమూ లేకుండా చేతిలో కుదురుగా ఉంది. కొంతసేపటికి వేళ్ళు వాటంతట అవే పోసాగినాయి. నేర్చుకున్న పనిలా లేదది. ఎప్పుడో మధ్యలో ఆపేసిన పని మళ్ళీ అందుకున్నట్టుంది. సాయంత్రం మేడం వచ్చి చూసి, గాట్లు సన్నగా ఉన్నాయే అంది. గాట్లు సన్నగా ఉంటే సరా, పట్టద్దూ?

ఇంక ఎదురుచూపులు. అంటు కట్టినవాళ్ళు టేపు విప్పి చూడకూడదు, గాలి తగిలితే పోతుంది. చౌడమ్మ చూడకుండా ఉండలేకపోయింది, అలాగని టేపు విప్పనూ లేదు. పొద్దున లేచి ముందు తొట్టి దగ్గరికి పోయి నిలబడేది. టేపు సందులోంచి నల్లగా కనబడేది, వంగి చూస్తే అది మట్టి మరక అయ్యేది. ఒకరోజు వడగళ్ళ వాన పడితే తట్టలు పట్టుకుని పరిగెత్తింది. ఈ మధ్యలో ప్రియాంక బలవంతాన ఆస్పత్రికి తీసుకుపోయింది. కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయిందని, ఈ చేతికి విశ్రాంతి కావాలని డాక్టరు చెప్పి కట్టు వేసినాడు. కాలేజీ నుంచి ట్రైనింగు రమ్మని మెసేజి వచ్చింది. వస్తాననీ రాననీ ప్రియాంక జవాబు పెట్టలేదు. ఇద్దరూ ఒక గదిలో ఉండి, ఒక పళ్ళెంలో తిని, ఆ మాట ఒక్కటి ఎత్తకుండా తిరిగినారు.

టేపు విప్పే పొద్దు గంగమ్మ కూడా వచ్చింది, చూడను చూడను అంటూనే. వరూధిని మేడం వరస మొదట్లో కూర్చుని మొదటి టేపు విప్పింది. చౌడమ్మ చూడలేక తొట్టిలో నీళ్ళ వైపు తిరిగి నిలబడింది. వెనకనుంచి ఏ చప్పుడూ లేదు. టేపు ఊడుతున్న చప్పుడు ఒక్కటే. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి. ఇంతసేపు ఎవరూ మాట్లాడటం లేదంటే అన్నీ పోయినట్టే అనుకుంది. తొట్టి గట్టు పట్టుకుంది.

"అక్కా," అంది గంగమ్మ. "ఇట్ల తిరుగక్కా. నువ్వొచ్చి నీ కళ్ళతో చూసుకో."

వరస పొడుగునా పచ్చగా ఉంది. నల్లబడినవి లేవని కాదు, అక్కడక్కడా ఉన్నాయి, ఎవరు కట్టినా ఉంటాయి. మిగతావన్నీ నిలబడ్డాయి. కొన్ని కళ్ళు అప్పుడే పగిలి, ఎర్రటి ఆకుమొలక చీమ తలంత బయటికి పెట్టినాయి. చౌడమ్మ వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఎడమ చేతి వేలితో ఒకదాన్ని ముట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. మేడం లేచి చీర దులుపుకుని, రేపట్నుంచి పందిరి కిందికి వచ్చి కూర్చోండి చౌడమ్మా, మీ చోటు అలాగే ఉంది అంది.

ప్రియాంక ఫోను తీసి, వస్తున్నానని మెసేజి పెట్టింది.

సోమవారం పొద్దున బస్సు దూరాన మలుపు దగ్గర కనబడేసరికి ఆ పిల్ల ఇంకా జడ వేసుకుంటూనే ఉంది. తెల్ల కోటు భుజాన వేసుకుని గేటు దాకా పరిగెత్తింది. వెనకాలే చౌడమ్మ టిఫిన్ డబ్బా పట్టుకుని పరిగెత్తింది. కుడి చేతికి కట్టు ఉంది. ఆమె ఏ చేత్తో ఇస్తోందో చూసుకోకుండానే డబ్బా చాపింది, ఎడమ చేత్తో. చాపినాక చూసుకుంది. వెనక్కి తీసుకోబోయి ఆగింది.

ప్రియాంక కుడి చేతిలో ఫోను లేదు, ఏమీ లేదు. అయినా ఎడమ చెయ్యే చాపి డబ్బా అందుకుంది. ఆ పొద్దు చౌడమ్మ తిట్టలేదు. బస్సు ఆగింది. ప్రియాంక ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, చౌడమ్మ బొడ్లోంచి చాకు తీసి పిడి పట్టి చూసుకుంది. బాగుంది. పందిరి కింద చాకులు అప్పటికే తెరుచుకుంటున్నాయి. ఆమె తొందరగా లోపలికి నడిచింది.